నూట ఇరవై గంటల క్షేత్రవాసం

మా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బి.ఏ. సైకాలజీ ఉందన్న సంగతి ఊళ్ళో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు అది పిచ్చివాళ్ళ కోసం పెట్టిన కోర్సు అనుకుంటారు. చదివే పిల్లలు ఎదురైతే మర్యాదగా పక్కకి తప్పుకుంటారు. ఆ శాఖకు అధిపతిని నేనే, అధ్యాపకుణ్ణి నేనే, ఆఫీసులో సంతకం పెట్టి సుద్దముక్కలు తెచ్చుకునేదీ నేనే. నేను చెప్పబోయే ఏడాది ఆఖరి సంవత్సరంలో పదకొండు మంది ఉన్నారు.

జూలైలో విశ్వవిద్యాలయం నుంచి ముప్పై రెండు పేజీల సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట సైకాలజీ పట్టా కావాలంటే వట్టి సైకాలజీ చదివితే చాలదట. మూడు ఐచ్ఛికాలలో ఒకటి తీసుకోవాలి: పిల్లల మనస్తత్వం, కార్మికుల మనస్తత్వం, నేరస్థుల మనస్తత్వం. పంతొమ్మిదో పేజీలో నియమం ఇలా ఉంది: "విద్యార్థి తన ఐచ్ఛికమునకు సంబంధించిన క్షేత్రమునందు, క్షేత్రవాసిగా, నూట ఇరవై గంటలు నిరంతరాయముగా గడిపి, సదరు క్షేత్రాధికారి నుండి ధ్రువపత్రము పొందవలెను. పొందనివారు తగు పర్యవసానములకు సిద్ధముగా ఉండవలెను."

క్షేత్రవాసి అన్న మాట దగ్గర నేను ఒక్క క్షణం ఆగిన మాట నిజం. కానీ మిగతా పదమూడు పేజీలు చదవాలి గదా అని ముందుకు వెళ్ళిపోయాను.

ఐచ్ఛికం ఎంచుకునే పోర్టల్ ఒక సోమవారం పది గంటలకు తెరుచుకుని పదీ అయిదుకు మూతపడింది. గొర్లె ఊర్మిళ అనే అమ్మాయి పది గంటల నుంచీ పిల్లల మనస్తత్వం మీద నొక్కుతూనే ఉంది. వాళ్ళమ్మ సన్యాసమ్మ అంగన్‌వాడీ టీచరు. ఊర్మిళ ఆ అంగన్‌వాడీలోనే పాకి, అక్కడే నడిచి, పెద్దయ్యాక అక్కడి పిల్లలకే ముక్కులు తుడిచిన మనిషి. అసలు సైకాలజీలో చేరిందే ఆ పిల్లల కోసం. ఇంటర్‌నెట్ చక్రం నాలుగు నిమిషాలు తిరిగి తిరిగి ఆగేసరికి, తెరమీద ఒక్కటే మిగిలింది.

"మేస్టారూ, నాకు నేరస్థులు వచ్చారండీ" అంది నా గదిలోకి వచ్చి.

"ఐచ్ఛికం గదమ్మా, మార్చుకుందాం" అన్నాను. అప్పటికి నేను ముప్పై ఒకటో పేజీ చదవలేదు.

కాలేజీ మొత్తం మీద నేరస్థులు వచ్చింది ఆ ఒక్క అమ్మాయికే. పిల్లల మనస్తత్వం వచ్చిన అయిదుగురు సన్యాసమ్మ అంగన్‌వాడీలోనే క్షేత్రవాసులయ్యారు. ఆవిడ నియమం తప్పే మనిషి కాదు. క్షేత్రవాసులంటే పిల్లలే అని అయిదుగురినీ హాజరుపట్టీలో ఎక్కించింది. రోజూ గుడ్డు పెట్టింది, మధ్యాహ్నం చాపల మీద పడుకోబెట్టి జోకొట్టింది, బరువు తూచింది. ఎదుగుదల చార్టులో వాళ్ళకి చుక్క పెట్టడానికి చోటు చాలక గోడమీద పెట్టింది. కార్మికులు వచ్చిన అయిదుగురు జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు వలిచి, వేళ్ళు నల్లగా చేసుకుని ధ్రువపత్రాలు తెచ్చారు.

మిగిలింది ఊర్మిళ. ఇద్దరం సబ్‌జైలుకి వెళ్ళాం.

సూపరింటెండెంటు కోటిలింగం గారు చాలా మర్యాదస్థుడు. కుర్చీలు వేయించి, సర్క్యులర్ రెండుసార్లు చదివాడు.

"చూడండి మేస్టారూ. బంధువులైతే ములాఖత్‌కి ఇరవై నిమిషాలు, అదీ ఊచల బయట. అధికారులైతే తనిఖీకి రెండు గంటలు. నూట ఇరవై గంటలు నిరంతరాయంగా లోపల ఉండే హక్కు ఈ దేశంలో ఒక్క ఖైదీకే ఉంది. నాక్కూడా లేదు."

"మరి ఎలాగండీ?" అంది ఊర్మిళ.

"వారంటు తెచ్చుకో తల్లీ. మిగతాదంతా నేను చూసుకుంటాను. ఆడవాళ్ళ గదికి సున్నం వేయిస్తాను" అన్నాడు ఆయన, పెళ్ళివారికి విడిది మాట ఇచ్చినట్టు.

ఐచ్ఛికం మార్పించుకుందామని విశ్వవిద్యాలయానికి వెళ్ళాం. సమన్వయాధికారి ఆచార్య భుజంగరావు గారు మాట్లాడుతుంటే ఎవరో పక్కన కూర్చుని రాసుకుంటున్నారేమో అనిపిస్తుంది.

"ఐచ్ఛికమును మార్చుకొనుటకు అవకాశము కలదు. ముప్పై ఒకటవ పుట చూడుడు. మార్చుకొనగోరు విద్యార్థి, ముందుగా ప్రస్తుత ఐచ్ఛికమును సంతృప్తికరముగా పూర్తి చేసి ఉండవలెను."

"పూర్తి చేశాక మార్చుకోవడం దేనికండీ?" అన్నాను.

"అది విద్యార్థి ఇచ్ఛ. అందుచేతనే ఐచ్ఛికమని పేరు."

"సార్, జైల్లో ఖైదీలు తప్ప ఉండకూడదంటున్నారండీ" అంది ఊర్మిళ.

ఆయన ఆమెను దయగానే చూశాడు. "అమ్మాయీ, విద్యార్థి ఏ మార్గమున క్షేత్రవాసి కావలెనో మండలి నిర్దేశించలేదు. అది విద్యార్థి సృజనాత్మకతకు వదిలివేయబడినది."

బస్సులో ఊర్మిళ పంతొమ్మిదో పేజీ తీసి మళ్ళీ చదివింది. పిల్లల సంరక్షణ గృహాలకు కౌన్సిలర్లు కావాలని ఆ వారమే ప్రకటన పడింది. ఏప్రిల్ నెలాఖరుకి సైకాలజీ పట్టా చేతిలో ఉండాలి. వాళ్ళమ్మ ఆ కాగితం కత్తిరించి దేవుడి పటం వెనక పెట్టిందట.

"నేరమంటే మరీ పెద్దదే చెయ్యక్కర్లేదు కదండీ?" అంది చివరికి.

ఆ మాట ప్రిన్సిపాల్ వీరభద్రయ్య గారి చెవిన వేశాను. విద్యార్థుల భవిష్యత్తు విషయంలో ఆయన ఆలస్యం సహించడు. మర్నాటికల్లా "నేర ఎంపిక ఉపసంఘం" వేసి నన్ను కన్వీనర్ని చేశాడు. ఉపసంఘం మూడుసార్లు సమావేశమైంది. నేరం గౌరవప్రదంగా ఉండాలి, ఎవరికీ నష్టం కలగరాదు, శిక్ష అయిదు రోజులకు తగ్గరాదు, పరీక్షలకు అడ్డం రారాదు అని తీర్మానించాం. కామర్స్ ఆయన ఫోర్జరీ అన్నాడు గానీ, దానికి పడే ఏళ్ళల్లో ఎమ్మేతోపాటు పీహెచ్‌డీ కూడా అయిపోతుందని తిరస్కరించాం. ఆఖరికి "ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించుట" అందరికీ నచ్చింది.

"నా విధులకే కలిగించుకో అమ్మా. కాలేజీ కోసం ఆ మాత్రం చెయ్యలేనా?" అన్నాడు ప్రిన్సిపాల్ గారు.

అనుకున్న ప్రకారం బుధవారం పదకొండింటికి ఊర్మిళ ఆయన గదికి బయట గొళ్ళెం పెట్టి, వరండాలో కూర్చుని, నేరం బయటపడడం కోసం ఎదురుచూసింది. పన్నెండయింది. రెండయింది. ఎవరూ ప్రిన్సిపాల్ గారి గురించి అడగలేదు. నాలుగింటికి కాలేజీ వదిలేస్తున్నారని ఆ పిల్లే భయపడి గొళ్ళెం తీసింది. ఆయన లోపల బల్లమీద తలపెట్టుకుని నిద్రపోతున్నాడు.

అయినా ఫిర్యాదు రాసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. ఎస్సై అప్పలసూరి ఆ కాగితం చదివి నావైపు తిరిగాడు.

"ఏటి మేస్టారూ ఇది? ఆటంకం అన్నాక ఏదో ఒక పని ఆగాలి కదా. పదకొండు నుంచి నాలుగు దాకా కాలేజీలో ఆగిన పని ఏటో ఒక్కటి చెప్పండి, కేసు రాసేస్తాను."

మా కాలేజీ ఆఫీసు సూపరింటెండెంటుని కనుక్కుంటే, ఆ రోజు ఫైళ్ళు మామూలుకంటే చురుగ్గా కదిలాయని తేలింది. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాం. ప్రిన్సిపాల్ గారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఊర్మిళ మాత్రం స్టేషన్లోంచి కదల్లేదు. "సార్, నాకు చేతనయ్యే నేరం ఏదైనా మీరే చెప్పండి" అంది ఎస్సైతో. ఆయనకూ ఆ వయసు కూతురుంది. తల గోక్కుని, బీరువాలోంచి పాత పుస్తకం తీయించాడు. అందులో మునిసిపల్ పార్కులో గడ్డి తొక్కకూడదన్న నియమం దొరికింది.

"ఇది చిన్నదే అమ్మా. వాచ్‌మన్ వద్దన్నాక కూడా తొక్కాలి, మరి."

ఊర్మిళ వెళ్ళి తొక్కింది. వాచ్‌మన్ వద్దనలేదు. ఎందుకు తొక్కుతున్నావని అడిగాడు. చెప్పింది. పాపం అనుకుని అప్పుడు వద్దన్నాడు. మళ్ళీ తొక్కింది.

శుక్రవారం పదకొండింటికి కోర్టు. ఉదయం సన్యాసమ్మ మా ఇంటికి వచ్చింది. గడపలోనే నిలబడిపోయింది.

"పిల్లల చదువు అడిగితే జైలు చదువు చెప్తారా మేస్టారూ? రేపు దీనికి సంబంధం వస్తే ఏటని చెప్పుకోవాలి నేను?"

ఊర్మిళే తల్లి చెయ్యి పట్టుకుని, "అయిదు రోజులేనే అమ్మా. నీ అంగన్‌వాడీలో మావాళ్ళు అయిదుగురూ ఉన్నారు కదా, అలాగే" అని నవ్వించబోయింది. ఆవిడ నవ్వలేదు.

మేజిస్ట్రేటు గారు నడివయసు ఆవిడ. కాగితం చూసి, "గడ్డి తొక్కావా? నేరం ఒప్పుకుంటావా?" అని అడిగింది.

"ఒప్పుకుంటాను మేడమ్. అయిదు రోజులు వెయ్యండి."

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసింది. "పద్దెనిమిదేళ్ళ సర్వీసులో శిక్ష తగ్గించమన్నవాళ్ళనే చూశాను. ఎందుకమ్మా అయిదు?"

ఊర్మిళ సర్క్యులర్ అందించింది. ఆవిడ కోర్టుని పావుగంట ఆపి ముప్పై రెండు పేజీలూ చదివింది. ముప్పై రెండు పేజీలూ చదివిన మనిషిని నేను అదే చూడడం. పంతొమ్మిదో పేజీ మడిచి పెట్టి, చాలా నెమ్మదిగా చెప్పింది.

"నేరం ఒప్పుకోకు. ఒప్పుకుంటే జన్మంతా నీ పేరుమీద ఉంటుంది. ఒప్పుకోకపోతే విచారణ బుధవారం మధ్యాహ్నం. అందాకా పూచీకత్తు మీద ఇంటికి వెళ్ళొచ్చు. పూచీకత్తు మీద సంతకం పెట్టనని నువ్వే అంటే మాత్రం, బలవంతంగా పెట్టించే అధికారం నాకు లేదు. జైలుకి పంపక తప్పదు. అర్థమైందా?"

ఊర్మిళ చేతిలో నా పెన్ను ఉంది. దానికి మూత పెట్టి, తెచ్చి నా జేబుకి గుచ్చింది.

జైలు గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి అడిగింది. "మేస్టారూ, లోపల భయమేస్తే ఏం చెయ్యాలండీ?"

భయాన్ని అదుపు చేసుకునే పద్ధతులు తొమ్మిది ఉన్నాయి. రెండో సంవత్సరంలో నేనే చెప్పాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "నేను బయటే ఉంటానమ్మా" అన్నాను. ఆ అయిదు రోజులూ కాలేజీకి సెలవు పెట్టి ఎదురుగా టీకొట్టు దగ్గరే కూర్చున్నాను.

కోటిలింగం గారు మాట తప్పలేదు. గదికి కొత్త సున్నం వేయించాడు. అందులో అప్పటికే ఒకావిడ ఉంది. పేరు నీలవేణి. సారా కాచిందన్న కేసులో ఎనిమిది నెలలుగా ఉంది. మూడేళ్ళ కూతురు సిరి ఆవిడతోనే ఉంది. తల్లి లోపలుంటే బిడ్డనీ లోపలే ఉండనిస్తారు.

ఆదివారం ములాఖత్‌కి వెళ్ళాను. ఊర్మిళ మొహంలో భయం ఉంటుందనుకున్నాను. మా కాలేజీలో మూడేళ్ళు చూసినా ఆ పిల్లని అంత పనిలో ఉండగా ఎప్పుడూ చూడలేదు.

"మేస్టారూ, పిల్లల ఆటల మీద మీరిచ్చిన నోట్సు తెస్తారా? ఈ సిరి మాట్లాడదండీ. పొద్దున్నే గులకరాళ్ళు వరసగా పేర్చి లెక్కపెడుతుంది. ఒకటి తక్కువైతే అన్నిటినీ కూర్చోబెట్టి మళ్ళీ లెక్కపెడుతుంది. వార్డర్ గారిని చూసి నేర్చుకుందండీ. నిన్న నేను ఒక రాయిని తీసి నా కొంగులో దాచాను. ఎంతసేపు వెతికిందో! దొరికాక మొదటిసారి నవ్వింది." ఊచలు పట్టుకుని కాస్త ముందుకు వంగింది. "ఇంకోటండీ. నీలవేణక్కకి బెయిలు ఎందుకు రాలేదో ఎవరికీ తెలీదట. మీరు కోర్టులో అడుగుతారా?"

సోమవారం కోర్టు గుమాస్తాని బతిమాలితే పాత కట్టలు విప్పాడు. ఆవిడకి బెయిలు ఆరు నెలల క్రితమే వచ్చింది. ఆ కాగితం వకీలుకి పంపారు. వకీలు మకాం మార్చేశాడు. కాగితం తిరిగొచ్చి కట్టలో పడుకుంది.

బుధవారం మధ్యాహ్నం విచారణ. పార్కు వాచ్‌మన్ బోనెక్కాడు.

"ఈ అమ్మాయి గడ్డి తొక్కడం చూశావా?"

"తొక్కిందండీ. కానీ గడ్డి లేదండీ. ఆ పార్కులో గడ్డి చచ్చి నాలుగేళ్ళయిందండీ. మట్టి తొక్కిందండీ."

మట్టి తొక్కకూడదని ఏ పుస్తకంలోనూ లేదు. మేజిస్ట్రేటు గారు ఊర్మిళ నిర్దోషి అని తీర్పు చెప్పి, "ఇంకేమైనా చెప్పుకోవాలా?" అంది.

"నా గురించి ఏం లేదు మేడమ్. నేను పడుకున్న గదిలో ఒకావిడకి మీరు ఆరు నెలల క్రితం బెయిలిచ్చారు. ఆ సంగతి ఆవిడకి ఇంకా తెలీదు."

మేజిస్ట్రేటు గారు ఫైలు తెప్పించుకుంది, తేదీ చూసింది, గుమాస్తా వైపు చూసింది. గుమాస్తా తన చెప్పుల వైపు చూశాడు. సొంత పూచీకత్తు మీద నీలవేణిని వెంటనే వదలమని అక్కడికక్కడే సంతకం పెట్టింది. సాయంత్రం నాలుగింటికి తల్లీ కూతుళ్ళు బయటికి వచ్చారు. సిరి రోడ్డు మీద ఆటోని చూసి ఊర్మిళ వెనక దాక్కుంది, మేకని చూసి బయటికి వచ్చింది.

ఇక ధ్రువపత్రం. కోటిలింగం గారు గంటలూ నిమిషాలూ వేసి, ముద్రతో ఇచ్చాడు. ఊర్మిళ సిరి మీద అరవై పేజీల నివేదిక రాసింది. అన్నీ పట్టుకుని భుజంగరావు గారి దగ్గరికి వెళ్ళాం. సాక్ష్యం చెబుతానని నీలవేణి కూడా కూతుర్ని చంకనేసుకుని వచ్చింది.

ఆయన నివేదిక పక్కన పెట్టి, తీర్పు కాగితం చదివాడు. మొహం గంభీరమైంది.

"ఇచ్చట ఒక క్లిష్ట సమస్య ఉత్పన్నమగుచున్నది. విద్యార్థిని నిర్దోషి అని న్యాయస్థానము ప్రకటించినది. నిర్దోషి నేరస్థుల క్షేత్రమున ఎంతకాలమున్ననూ, క్షేత్రవాసిగా ఉన్నట్లు కాదు. ఉన్నట్లు మాత్రమే."

"శిక్ష పడి ఉంటే ఇచ్చేవారా?" అన్నాను.

"శిక్ష పడినవారికి నడవడి ధ్రువపత్రము లభించదు. నడవడి ధ్రువపత్రము లేనివారికి పట్టా ఈయజాలము."

"అంటే, నేరం చేసినవాళ్ళు తప్ప ఈ చదువు పూర్తి చెయ్యలేరు. చెయ్యనివాళ్ళు తప్ప పట్టా తీసుకోలేరు."

"నియమమును సరిగా గ్రహించితిరి" అన్నాడాయన సంతోషంగా.

నాకు కోపం రావడం తక్కువ. ఆ రోజు వచ్చింది. నీలవేణి చంకలోని సిరిని చూపించాను. "అయ్యా, ఈ పాప ఎనిమిది నెలలు ఆ జైల్లో ఉంది. నిరంతరాయంగా. అయిదువేల గంటలు దాటింది. ఏ నేరమూ చెయ్యలేదు, ఏ కేసూ లేదు, నడవడి బ్రహ్మాండం. వార్డర్ చేసేదంతా నేర్చుకుంది. మీ నియమం ప్రకారం మన రాష్ట్రంలో నేరస్థుల మనస్తత్వంలో పట్టాకి అర్హత ఉన్నది ఈమె ఒక్కతే. ఈమెకే ఇవ్వండి."

భుజంగరావు గారు సిరిని చూశాడు. పంతొమ్మిదో పేజీ తీసి చూశాడు. మళ్ళీ సిరిని చూశాడు. కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"ఈ బాలిక ఇంటర్మీడియట్ మార్కుల జాబితా తెచ్చితిరా?"

ఊర్మిళ ఫక్కున నవ్వింది. నాలుగు నెలలుగా బిగబట్టుకున్నదంతా ఆ నవ్వులో వచ్చేసి, ఆఖరికి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆమెను చూసి సిరి నవ్వింది, సిరిని చూసి నీలవేణి నవ్వింది. భుజంగరావు గారికి అది అవిధేయతగా తోచింది. పర్యవసానాలు ఆ పూటే నిర్ణయించాడు. పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది: "సదరు విద్యార్థిని ఐచ్ఛికమును పూర్తి చేయనందున, ఆమెకు ఎట్టి ఐచ్ఛికమూ లేని సాధారణ సైకాలజీ పట్టా మాత్రమే ప్రదానము చేయవలసినదిగా దండన విధించడమైనది."

దండన అందుకున్న రోజు సన్యాసమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. కౌన్సిలర్ల ప్రకటనలో అడిగింది సైకాలజీ పట్టానే. అంతకు మించి ఒక్క అక్షరం లేదు. పిల్లల మనస్తత్వం పూర్తి చేసిన అయిదుగురూ కూడా దరఖాస్తు పెట్టారు. "ప్రకటనలో సైకాలజీ అని ఉంది, మీ పట్టాలో పిల్లల మనస్తత్వం అని ఉంది, రెండూ ఒకటేనని విశ్వవిద్యాలయం నుంచి రాయించుకు రండి" అని వాళ్ళని వెనక్కి పంపారు. వాళ్ళు ఇంకా భుజంగరావు గారి గది బయట బల్లమీదే ఉన్నారు.

ఊర్మిళకి మేలో ఉద్యోగం వచ్చింది. చేరిన రోజు సాయంత్రం ఫోన్ చేసింది.

"మేస్టారూ, చేరేటప్పుడు ఒక ఫారం ఇచ్చారండీ. 'ఎప్పుడైనా నిర్బంధములో ఉన్నారా, ఉన్నచో కారణము' అని ఉందండీ. అబద్ధం రాయకూడదు కదా."

"ఏం రాశావమ్మా?" అన్నాను.

"'అయిదు రోజులు, చదువు నిమిత్తం' అని రాశానండీ. గుమాస్తా గారు చాలాసేపు చూశారు. ఆ గడిలో ఇలాంటి జవాబు ఆయన ఎప్పుడూ చూడలేదట. లోపల పని చేశావా అని అడిగారు. చేశాను సార్ అన్నాను. జీతమిచ్చారా అన్నారు. లేదు సార్ అన్నాను."

"అప్పుడు?"

"అయితే ఇది ఇక్కడ రాసేది కాదమ్మా అని కొట్టేసి, కింద 'ఇంటర్న్‌షిప్' గడిలో ఆయనే రాసిచ్చారండీ."